నిచ్చెన మీది నేర్పు

ఇంటర్నెట్ అనగానే పెద్ద కంపెనీల ప్రకటనలే గుర్తొస్తాయి గానీ, మన ఊళ్లలో ఆ తీగను గడప దాకా తెచ్చేది చాలాచోట్ల పాత కేబుల్ టీవీ ఆపరేటరే. రాష్ట్రమంతా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కూడా ఇంటింటి కనెక్షన్‌కు ఆయన్నే నమ్ముకుంది. ఎందుకంటే అసలు పనితనం ఆ చివరి వంద గజాల్లోనే ఉంది. ఫైబర్‌లో వెలుగు నడిచే దారి మందం సుమారు 9 మైక్రాన్లు. లారీ తగిలి అది తెగితే కొనలు ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, నిటారుగా కోసి, స్ప్లైసింగ్ మెషిన్‌లో కరిగించి అతకాలి. కోత కాస్త వంకరపోయినా వెలుగు అక్కడే చెదిరిపోతుంది. రోడ్డు పక్క దుమ్ములో చేసే కంసాలి పని ఇది.

నెట్‌ను టోకున కొని చిల్లరగా అమ్మే బేరమే కదా అంటారు. కిరాణా కొట్టూ అంతే. ఎవరికి ఎంత సరుకు కావాలో తెలియడమే అక్కడ విద్య. ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిలో, ఒక పోర్టులోని రెండున్నర గిగాబిట్లను 32 ఇళ్లకు పంచాలా, 64 ఇళ్లకా? రాత్రి తొమ్మిదింటికి వీధంతా సినిమా పెట్టినప్పుడు ఆ లెక్క తేలుతుంది. ఆశకు పోయి మరీ ఎక్కువమందిని కలిపినవాడు తిట్లు తినాల్సిందే. స్తంభాలకు గుత్తులుగా వేలాడే తీగల విషయంలోనూ వీళ్లను వెనకేసుకు రాలేం. అయినా గాలివాన వెలిసిన గంటకే వచ్చేది వీళ్లే. ఈసారి నెట్ పోతే, ఫోన్‌లో కోప్పడే ముందు వీధి చివర నిచ్చెన ఉందేమో చూడండి.