ఎవరు చూస్తుండగా?

వార్తల డెస్కులో ఇంగ్లిష్ కాపీని తెలుగు చేసేవాళ్లకు ‘అవమానించారు’ చేతికి అందే మాట. ఇన్‌సల్ట్ వచ్చినా అదే, హ్యుమిలియేట్ వచ్చినా అదే. డిస్పారేజ్, డెనిగ్రేట్, బిలిటిల్ ఏది తగిలినా అదే. సింగిల్ కాలమ్ హెడ్డింగులో చక్కగా ఒదుగుతుంది, పేజీ టైముకి వెళ్లిపోతుంది. ఎదుటి మనిషికి అసలు ఏం జరిగిందన్నది మాత్రం ఆ ఒక్క మాట కింద పడి కనిపించకుండా పోతుంది. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నా, దానికి నా మనసు ఒప్పుకోదు.

బిలిటిల్‌నే చూడండి. 1780లలో అమెరికా నేత థామస్ జెఫర్సన్ రాతల్లో పుట్టిన మాటగా దీన్ని చెబుతారు. అమెరికా ఖండంలో జంతువులు గిడసబారిపోతాయని ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు బుఫాన్ సిద్ధాంతం చేశాడు. జెఫర్సన్‌కు అది మింగుడుపడలేదు. వర్జీనియా మీద రాసిన పుస్తకంలో జంతువుల బరువులు పట్టికలు వేసి మరీ ఖండించాడు. అంతటితో ఊరుకోక, దుప్పి జాతిలో అతి పెద్దదైన మూస్ చర్మాన్నీ ఎముకల్నీ 1787లో సముద్రం దాటించి బుఫాన్‌కు పంపాడు. ఆ పంతంలోంచి వచ్చిందే ఈ క్రియ. ఇందులో తిట్టు లేదు, ఉన్నదాన్ని తక్కువ చేసి చూపడం ఉంది. పిల్లాడికి మంచి ర్యాంకు వస్తే ‘ఈసారి పేపరు సులువుగా ఇచ్చారటగా’ అనే బంధువు చేసే పని అది. ‘తీసిపారేశాడు’ అంటే సరిపోయేదానికి అవమానం దాకా ఎందుకు వెళ్లాలి?

డిస్పారేజ్ దారి వేరు. మధ్యయుగాల ఇంగ్లండులో తమ సంరక్షణలో ఉన్న వారసులను ప్రభువులు అంతస్తుకు తగని సంబంధానికి కట్టబెట్టడాన్ని అలా అనేవారు. అది కూడదని 1215 నాటి మాగ్నా కార్టాలో ఒక షరతే ఉంది. ఇప్పుడది విలువ తగ్గించి మాట్లాడటం. వాణిజ్య ప్రకటనల కేసుల్లో తరచూ వినిపిస్తుంది: మా సబ్బు గొప్పదని చెప్పుకోవచ్చు, పక్క కంపెనీ సబ్బు పనికిమాలినదని చెప్పకూడదు. డెనిగ్రేట్ ఇంకా ఘాటు, పేరుకు మసి పూయడం. మనవాళ్లు బట్ట కాల్చి మీద వేశారంటారే, అక్కడికి దగ్గర. ఈ రెండూ మనిషి ఎదురుగా లేనప్పుడు కూడా జరిగిపోతాయి.

తెలుగు చేయడానికి నన్ను ఎక్కువగా సతాయించేవి కండిసెండింగ్, పేట్రనైజింగ్. ఇవి మెచ్చుకోలు రూపంలో వస్తాయి. ‘తెలుగు మీడియంలో చదివి కూడా ఇంగ్లిష్ ఎంత బాగా మాట్లాడుతున్నావమ్మా!’ ఒక్క చెడ్డ మాట లేదు. విషమంతా ఆ ‘కూడా’లో ఉంది. జేన్ ఆస్టెన్ 1813 నాటి నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో కాలిన్స్ అనే మతాచార్యుడు తనను పోషించే లేడీ కేథరిన్ కండిసెన్షన్‌ను నోరారా పొగుడుతాడు. పెద్దింటివాళ్లు మెట్టు దిగొచ్చి పలకరించడం ఆయన దృష్టిలో సుగుణం. అసలు ఆ మెట్లెందుకని జనం అడగడం మొదలయ్యాక ఆ మాట రంగు మారింది. ఇలాంటిచోట నేను క్రియాపదం కోసం వెతకను. అన్న మాటను అన్నట్టే కోట్ చేస్తాను.

ఇన్‌సల్ట్‌కూ హ్యుమిలియేట్‌కూ ఉన్న తేడా దగ్గర మాత్రం ఎంత ఒత్తిడిలో ఉన్నా ఆగాల్సిందే. ఇన్‌సల్ట్‌కు అనేవాడూ పడేవాడూ ఉంటే చాలు. పడ్డవాడు తిరిగి నాలుగు అనొచ్చు, దులిపేసుకుని పోవచ్చు. హ్యుమిలియేట్ లాటిన్‌లో నేల అనే మాట నుంచి వచ్చింది. మనిషిని నేలకు దించడం, చాలాసార్లు నలుగురి కళ్లెదుట. దానికి మాటే అక్కర్లేదు. పల్లె టీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి గుర్తు చేసుకోండి. దళితుడి గ్లాసు విడిగా ఉంటుంది. తాగి, తనే కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. బెంచీ మీద ఊరివాళ్లు చూస్తూనే ఉంటారు. హోటలాయన ‘రా అబ్బాయ్, టీ తాగు’ అని నవ్వుతూనే పిలవొచ్చు. తిట్టు ఎక్కడా లేదు, హ్యుమిలియేషన్ మాత్రం పూర్తయింది.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఈ రెండు మాటలనూ ఒకే వాక్యంలో వాడింది. సెక్షన్ 3(1)(ఆర్) ప్రకారం హ్యుమిలియేట్ చేసే ఉద్దేశంతో, జనం కంటబడే చోట, కావాలని ఇన్‌సల్ట్ చేయడం, బెదిరించడం నేరం. ఒకటి చేసిన పని, రెండోది దాని వెనకున్న ఉద్దేశం. రెండింటికీ మన పాత మాటే వాడితే ‘అవమానించే ఉద్దేశంతో అవమానించడం’ అవుతుంది. కోర్టులో నిరూపించాల్సిన విషయమే వార్తలో మాయమవుతుంది. 2020లో ఒక కేసులో సుప్రీంకోర్టు, నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనిచోట అన్నట్టు చెప్పిన మాటలు ఈ సెక్షన్ కిందికి రావంది. ఎవరు చూస్తున్నారన్న దాని మీద కేసు నిలవడమో వీగిపోవడమో ఉంది. నేనైతే ‘నలుగురిలో తలవంపులు తేవాలని దూషించడం’ అని రాస్తాను. మాట కాస్త పొడుగే, అయినా అక్షరాలు మిగుల్చుకునే చోటు అది కాదు.

హ్యుమిలియేటెడ్ అని కాపీ వస్తే రిపోర్టరుకు ఫోన్ చేస్తాను. ఎవరన్నారు, ఏమన్నారు, ఎక్కడ, చుట్టూ ఎవరున్నారు? ఫోన్ ఎత్తకపోతే కాపీలో ఉన్న వివరాల్లోంచి జరిగిన పనినే హెడ్డింగుకు ఎక్కిస్తాను: పంచాయతీ సమావేశంలో కుర్చీ ఇవ్వలేదని, చెప్పులు చేత్తో పట్టుకుని నడవమన్నారని.