‘నపుంసక’ శబ్దమూ, అభ్యుదయ సాహిత్యమూ

పిరికి ప్రభుత్వాన్ని తిట్టడానికీ, నోరు మెదపని మేధావిని ఎద్దేవా చెయ్యడానికీ మన కవులు ‘నపుంసక’ అన్న మాటను ఎంత అలవోకగా వాడతారో పాఠకులకు తెలుసు. ఆ మాట మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. కులం పేరును తిట్టుగా వాడరాదని నేర్చుకున్న మన విమర్శ, పుట్టుకతో వచ్చిన శరీరాన్ని తిట్టుగా వాడితే ఎందుకు ఊరుకుంటున్నది? మగతనమే ధైర్యమనే భూస్వామ్య భావజాలం ఆ ఒక్క మాటలో చెక్కుచెదరకుండా నిలిచి ఉంది.

ముందుగా వస్తువును శాస్త్రీయంగా అర్థం చేసుకోవాలి. పిండదశలో సుమారు ఆరు వారాల దాకా బీజగ్రంథులు అందరిలోనూ ఒకే తీరుగా ఉంటాయి. ఆ తర్వాత క్రోమోజోములు, జన్యువులు, హార్మోన్లు, ఆ హార్మోన్లకు కణాలు స్పందించే తీరు—ఇన్ని మెట్ల మీదుగా శరీరం రూపొందుతుంది. ఏ మెట్టు దగ్గర తేడా వచ్చినా ఫలితం మారవచ్చు. ఎక్స్-వై క్రోమోజోములున్నా, కణాలు ఆండ్రోజెన్లకు బొత్తిగా స్పందించకపోతే బిడ్డ బాహ్యరూపంలో ఆడపిల్లగానే పుడుతుంది. యుక్తవయసు వచ్చినా రజస్వల కానప్పుడే చాలామందికి ఆ సంగతి తెలుస్తుంది. రెండు ఎక్స్‌లున్న బిడ్డలో అడ్రినల్ గ్రంథులు ఆండ్రోజెన్లను అధికంగా తయారుచేస్తే బాహ్యాంగాలు మగబిడ్డవాటిని పోలి ఉండవచ్చు. ఇందులో పూర్వజన్మ పాపమూ లేదు, తల్లి దోషమూ లేదు. హిజ్రాలు ఒక సామాజిక సముదాయం. ఇది దేహనిర్మాణానికి సంబంధించిన విషయం. రెంటినీ ఒకటి చేసి పాత్రను సృష్టించడం రచయిత బద్ధకం.

ఈ వస్తువు మీద ప్రసిద్ధమైన రచనలు రెండింటిని పరిశీలిద్దాం. ఎర్క్యులిన్ బార్బాన్ 1838లో ఫ్రాన్స్‌లో పుట్టి, ఆడపిల్లగా పెరిగి, ఉపాధ్యాయురాలిగా పనిచేసిన వ్యక్తి. 1860లో న్యాయస్థానం ఆ వ్యక్తిని పురుషుడిగా నమోదు చేసింది. ఆత్మకథ రాసుకుని, 1868లో పారిస్‌లో పేదరికంలో ఆత్మహత్య చేసుకున్న ఆ జీవితాన్ని 1978లో మిషెల్ ఫూకో మళ్లీ వెలుగులోకి తెచ్చాడు. 1980 ఆంగ్లానువాదానికి రాసిన ముందుమాటలో ఫూకో, న్యాయస్థానం తీర్పుకు ముందరి మఠజీవితంలో ఏ గుర్తింపూ లేని ఒక సుఖస్థితిని చూశాడు. ఈ వ్యాఖ్య నాకు సంతృప్తి కలిగించదు. రిజిస్టరులో ఒక గడి మారగానే పోయింది గుర్తింపు ఒక్కటే కాదు, బతుకుతెరువు కూడా. ఈ భౌతిక సత్యాన్ని వదిలేసిన విమర్శ సగం విమర్శే.

జెఫ్రీ యుజెనిడిస్ నవల ‘మిడిల్‌సెక్స్’ 2002లో వచ్చింది. పధ్నాలుగేళ్ల దాకా అమ్మాయిగా పెరిగిన కథకుడిని శస్త్రచికిత్సతో ‘సరిచెయ్యాలని’ చూసే వైద్యుడి అధికారాన్ని ఈ నవల బలంగా బయటపెట్టింది. ఇది మెచ్చదగింది. అయితే కథకుడి దేహానికి మూలం తాతా నాయనమ్మలు తోడబుట్టినవాళ్లై పెళ్లాడటంలో ఉందని నవల చెబుతుంది. ఈ జన్యులోపం రక్తసంబంధ వివాహాల్లో బయటపడే అవకాశం ఎక్కువన్నది నిజమే. కాని మూడు తరాల రహస్యంగా మలచినప్పుడు శాస్త్రం శాపంగా మారిపోయింది. మేనరికాలున్న మన సమాజంలో ఇలాంటి కథనం తల్లిదండ్రులను మరింత దోషులను చేస్తుంది.

నేటి వాస్తవం మన పొరుగునే ఉంది. తమిళనాడులో ఇటుకబట్టీ కూలీల బిడ్డ శాంతి సౌందరరాజన్ 2006లో దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో వెండి పతకం గెలిస్తే, లింగ పరీక్ష పేరుతో దాన్ని లాగేసుకున్నారు. 2019లో మద్రాసు హైకోర్టు తీర్పు తర్వాత, ప్రాణాపాయం ఉంటే తప్ప పసికందులకు ఇటువంటి శస్త్రచికిత్సలు చెయ్యరాదని తమిళనాడు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ పసికందుకు ఒక భాష ఇవ్వవలసింది రచయితలు.

ఆ భాష మనకు లేకపోలేదు. ఫ్రెంచిలో బార్బాన్ తన గురించి చెప్పుకునేటప్పుడు ఒకచోట స్త్రీలింగం, మరోచోట పుంలింగం వాడవలసి వచ్చింది. తెలుగులో ‘నేను వచ్చాను’ అన్న వాక్యానికి లింగం లేదు. ‘వారు వచ్చారు’ అన్నదానికీ లేదు. ‘వాడు’, ‘అది’ అన్న చోటనే చిక్కు. అంటే ఈ మనుషులు తమ కథ తాము చెప్పుకోవడానికి తెలుగు వ్యాకరణం అడ్డురాదు. అడ్డువచ్చేది మన తిట్టే. దాన్ని మన కవిత్వం నుంచి తొలగించడం అభ్యుదయ రచయితల తక్షణ కర్తవ్యమని నేను భావిస్తున్నాను.