ఒకే రూపాయి, రెండు దీవులు

మారిషస్ వంద రూపాయల నోటునూ సెషెల్స్ వంద రూపాయల నోటునూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాని మీద మనిషి ముఖం ఉంటుంది. ఆయన రెంగనాదెన్ సీనెవాసెన్, తమిళ మూలాలున్న న్యాయవాది, రాజకీయ నాయకుడు. రెండోదాని మీద ఆ దీవుల జీవజాలం బొమ్మలుంటాయి. డాలరు కొనాలంటే ఇటీవలి లెక్కన మారిషస్ రూపాయలు 45 దాకా ఇవ్వాలి. సెషెల్స్ రూపాయలైతే 14 చాలు. అంటే సెషెల్స్ నోటు ఒక్కటి మారిషస్ నోట్లు మూడింటికి సమానం. ఈ లెక్క చూసి సెషెల్స్ రూపాయే గట్టిదని చాలామంది అనేస్తారు. ఆ మాట తప్పని నా అభిప్రాయం.

నిజానికి ఈ రెండూ ఒక తల్లి బిడ్డలే. చెరకు తోటల్లో పనికి కోరంగి, విశాఖపట్నం, మద్రాసు, కలకత్తా రేవుల నుంచి మనవాళ్ళు మారిషస్‌కు ఓడలెక్కారు. నెలకు 5 రూపాయల జీతం, పైన తిండి గింజలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. ఆ కూలీలతో, వాళ్ళకోసం తెచ్చిన బియ్యం వ్యాపారంతో భారత రూపాయి ఆ దీవిలో వేళ్ళూనుకుంది. పౌండ్లు, డాలర్లు, రూపాయలు కలగాపులగంగా చెలామణి అవుతున్న చోట చివరికి రూపాయే నెగ్గింది. 1877లో మారిషస్‌కు సొంత రూపాయి వచ్చింది, విలువ మాత్రం భారత రూపాయితో సమానం. సెషెల్స్ కూడా ఆ మారిషస్ రూపాయినే వాడుకుని, 1914లో సొంత నోట్లు వేసుకుంది.

1934లో మారిషస్ రూపాయిని పౌండుకు కట్టారు. రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీలు, అంటే పౌండుకు పదమూడుంపావు పైచిలుకు. భారత రూపాయిదీ అప్పుడు అదే రేటు. 1966 జూన్‌లో మనం విలువ తగ్గించుకునేదాకా మూడు రూపాయలూ ఒకటికి ఒకటిగానే నడిచాయి. ఇవాళ ఒక మారిషస్ రూపాయికి దాదాపు రెండు, ఒక సెషెల్స్ రూపాయికి దాదాపు ఆరు మన రూపాయలు పెట్టాలి.

రెండు దీవుల రూపాయలూ వేరు దారులు పట్టింది 1976 తర్వాత. మారిషస్ ఆ ఏడాది పౌండును వదిలి ఐఎంఎఫ్ లెక్కల్లో వాడే ఎస్‌డీఆర్‌ను పట్టుకుంది. పంచదార ధర పడిపోయి, అప్పులు మీద పడ్డప్పుడు 1979లో ఒకసారి, 1981లో మరోసారి విలువ తగ్గించింది. జనం మీద ధరల భారం పడింది, అది నొప్పే. అయితే ఎగుమతి కోసం పెట్టిన బట్టల ఫ్యాక్టరీలకు ఊపిరి అందింది. 1994 నాటికి మారకపు ఆంక్షలన్నీ ఎత్తేయగలిగింది.

సెషెల్స్ 1979లో ఎస్‌డీఆర్‌కు మారింది గానీ, అసలు దారి వేరు. 1977 కుట్రతో గద్దెనెక్కిన ఫ్రాన్స్-ఆల్బేర్ రెనె ప్రభుత్వం రేటును చట్టంతో బిగించి పట్టుకుంది. ఏళ్ళ తరబడి డాలరుకు ఐదు రూపాయల చుట్టుపక్కలే. కాగితం మీద ఎంతో గొప్పగా ఉంది. కానీ ఆ రేటుకు డాలరు కావాలని బ్యాంకుకు వెళ్తే డాలర్లు లేవు. బయట చీకటి బజారులో దాదాపు రెట్టింపు ఇస్తే దొరికేవి. తినే తిండి నుంచి కట్టే సిమెంటు దాకా దాదాపు అన్నీ ఓడలో రావలసిన దేశం అది. డాలరు లేదంటే దుకాణంలో సరుకు లేనట్టే. పర్యాటకులు హోటలు బిల్లు విదేశీ డబ్బులోనే కట్టాలని ప్రభుత్వం ఆదేశించింది. సొంత నోటును సొంత దేశంలోనే తీసుకోవద్దన్నాక ఆ నోటు గట్టిదని ఎలా అనగలం?

ఆ బిగింపు 2008లో తెగింది. 23 కోట్ల డాలర్ల బాండ్ల మీద వడ్డీ కట్టలేక దేశం చేతులెత్తేసింది. నవంబరు 1న రూపాయిని మార్కెట్‌కు వదిలేశారు. ఎనిమిది దగ్గరున్న డాలరు కొద్ది నెలల్లో పదహారుకు చేరింది. ముప్పై ఏళ్ళుగా వాయిదా వేసిన నొప్పిని లక్ష మంది లోపు జనం ఒక్క ఏడాదిలో భరించారు. అయినా అప్పటి నుంచి ప్రకటించిన రేటుకే డాలరు దొరకడం మొదలైంది. ఆ ధైర్యాన్ని నేను మెచ్చుకుంటాను.

నోటు మీది అక్షరాలు చూసినా తేడా తెలుస్తుంది. మారిషస్ నోటు మీద ఇంగ్లీషు, తమిళం, హిందీ ఉంటాయి. 1998లో తమిళాన్ని హిందీ తర్వాతకు జరిపితే తమిళులు వీధికెక్కారు, ఆ నోట్లను వెనక్కు తీసుకోవలసి వచ్చింది. అక్కడ నోటంటే ఎవరు ముందు వచ్చారు, ఎవరి కష్టం ఎంత అన్న లెక్క కూడా. ఉగాదికి సెలవిచ్చే ఆ దేశపు నోటు మీద తెలుగు లేకపోవడం నాకు వెలితిగానే అనిపిస్తుంది.

మారిషస్‌ను పూర్తిగా వెనకేసుకురాలేను. కరోనా ఏడాది 2020లో కేంద్ర బ్యాంకు నుంచి 6,000 కోట్ల రూపాయలు తీసుకుంటున్నట్టు ప్రభుత్వం బడ్జెట్టులో ప్రకటించింది. అప్పటిదాకా క్రమశిక్షణతో నడిచిన సంస్థకు అది మచ్చ. అంతకుముందు 36, 37 దగ్గరున్న డాలరు తర్వాత 45కు చేరి అక్కడే ఉండిపోయింది. అదే కాలంలో సెషెల్స్ రూపాయి 14 నుంచి 21కి జారినా పర్యాటకులు తిరిగి రాగానే 2021లోనే కోలుకుంది. ఇప్పుడు నేర్చుకోవలసిన వంతు అన్న మారిషస్‌కు వచ్చింది.

అయినా నూట నలభై ఏళ్ళకు పైబడిన చరిత్ర మొత్తం తూకం వేయమంటే నేను మారిషస్ వైపే మొగ్గుతాను. అది జనానికి చేదు వార్తను ఎప్పటికప్పుడు చెప్పింది. సెషెల్స్ ముప్పై ఏళ్ళు దాచి, ఖజానా ఖాళీ అయ్యాక చెప్పింది.