ముందు మారాల్సింది అక్షరం

లగ్గం పత్రిక అచ్చు వేయించాలని ఎల్లంతకుంటలోనో, సిరిసిల్లలోనో, కోరుట్లలోనో డీటీపీ సెంటర్‌కు పోతే చాలాచోట్ల పని ఒక్క తీరుగానే సాగుతుంది. ఆపరేటర్ పాత పేజ్‌మేకర్ ఫైలు తెరుస్తాడు. పేర్లు, ముహూర్తం మారుస్తాడు. ప్రూఫ్ చేతికిస్తాడు. కీబోర్డు వైపు చూడనే చూడడు. ఏండ్ల తరబడి వేళ్లకు పట్టిన విద్య అది, చిన్నచూపు చూడదగింది కాదు.

ఇప్పుడు చిక్కు ఆ వేళ్ల కింది కంప్యూటర్‌కు వచ్చింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసర్ కావాలి. నిక్షేపంగా నడుస్తున్న కంప్యూటర్లెన్నో ఈ లెక్కకు అందవు. లినక్స్ మింట్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు వాటి మీదే పైసా ఖర్చు లేకుండా నడుస్తాయి. హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు కూడా. అయినా డీటీపీ సెంటర్ కదలదు.

అడ్డం పడుతున్నది విండోస్ కాదు, ఫాంటు.

‘అను’ లాంటి పాత ఫాంట్లలో తెలుగుకు సొంత చోటు లేదు. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గదుల్లో మన తలకట్లు, కొమ్ములు, ఒత్తులు కిరాయికి ఉంటున్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే పెండ్లికొడుకు పేరు పిచ్చిగీతలైపోతుంది. ప్రతి లిపికీ సొంత చోటిచ్చే యూనికోడ్‌లో ఆ బాధ లేదు. 1991 నాటి తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. అందులో మన లిపికి 128 గదులు. ‘అ’ గది నంబరు 0సీ05. విండోస్‌లో, లినక్స్‌లో, ఫోన్‌లో ఎక్కడైనా అదే. పేజ్‌మేకర్‌కు మాత్రం యూనికోడ్ రాదు. దాని ఆఖరి ప్రధాన వెర్షన్ 2001 నాటిది.

సిరిసిల్లలో సాంచె (మరమగ్గం) మార్చినంత మాత్రాన నూలు మారదు. ఇక్కడ ముందు మార్చాల్సింది నూలే.

అందుకు సామాను సిద్ధంగానే ఉంది. హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ సాఫ్ట్‌వేర్ ఉద్యమ కార్యకర్తలు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చారు. సిలికానాంధ్ర సంస్థ చొరవతో వచ్చిన రామభద్ర, మల్లన్న, ధూర్జటి, సురవరం వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితం. పేజీలు కట్టే స్క్రైబస్ కూడా ఉచితమే. 2024లో వచ్చిన 1.6 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా కుదురుతాయి. పాత ఫైళ్ల కోసం కన్వర్టర్లున్నాయి. అవి మార్చిన ప్రతి పేజీనీ మనిషి ఒకసారి చదవాల్సిందే, ముఖ్యంగా ఒత్తుల దగ్గర.

కష్టం లేదనడం అబద్ధం. అలవాటైన కీబోర్డు వదిలితే కొన్ని వారాలు వేగం తగ్గుతుంది. ఫ్లెక్సీలు చేసేవాళ్లు వాడే కోరల్‌డ్రా లినక్స్‌లో నేరుగా నడవదు. వాళ్లు ఇప్పుడే మారకపోవడమే మేలు.

లగ్గం పత్రికలు, కరపత్రాలు, దరఖాస్తులు చేసేవాళ్లు మాత్రం పాత కంప్యూటర్‌ను ఇప్పుడే అమ్మొద్దు. రేపు వచ్చే మొదటి పత్రికను యూనికోడ్‌లో కొట్టి దాచి చూడండి.