బాలప్రేక్షకులకు ప్రస్తావన: ‘ది సీక్రెట్ గార్డెన్’ సంగీతనాటకము

ఒక బాలగ్రంథమును సంగీతనాటకముగా మలచుట యొక యెత్తు. ఆ నాటకమును చూడబోవు బాలురను దానికి సిద్ధపఱచుట మఱియొక యెత్తు. మొదటిదానిని గూర్చి విమర్శకులు విరివిగా వ్రాసియున్నారు. రెండవదానిని ఉపాధ్యాయుల పని యని విడిచిపెట్టినారు. ఉపాధ్యాయులు సాధారణముగా చేయునది యేమనగా, కథాసంగ్రహమును ముందుగా చెప్పివేయుట, పాత్రల పేర్లు వల్లె వేయించుట, కడపట నొక నీతిని తగిలించుట. ఈ పద్ధతివలన నాటకమునకు మేలు కంటె కీడే యెక్కువ యని మా యభిప్రాయము. ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ 1911లో ప్రకటించిన ‘ది సీక్రెట్ గార్డెన్’ అను నవలను, దానినుండి పుట్టిన సంగీతనాటకమును ఆధారముగా గొని ఈ విషయమును పరిశీలింతుము. ఈ కథ మన దేశమున ప్రారంభమగుట మేము దీని నెన్నుకొనుటకు ఒక కారణము; అదియే ముఖ్యకారణము మాత్రము కాదు.

ఈ నాటకమునకు సంభాషణలను, గీతములను రచించినది మార్షా నార్మన్. స్వరములు కూర్చినది లూసీ సైమన్. ఇది 1989లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున, నార్‌ఫోక్ పట్టణములో తొలుత ప్రదర్శింపబడెను. 1991 ఏప్రిల్ 25న న్యూయార్కులోని సెయింట్ జేమ్స్ నాటకశాలకు వచ్చి, 1993 జనవరి వఱకు 709 ప్రదర్శనములను పొందెను. దర్శకురాలు సూసన్ షుల్మన్. రంగాలంకరణము హైడీ లాండెస్‌మన్‌ది. ఇన్ని ప్రధానబాధ్యతలు స్త్రీలే వహించుట బ్రాడ్వేలో అపురూపము. 1991లో రచనకును, రంగాలంకరణకును, మేరీ పాత్రధారిణి డైసీ ఈగన్‌కును టోనీ బహుమానములు లభించినవి. ఆ బాలికకు అప్పటికి 11 ఏండ్లు.

కథను రెండు మాటలలో చెప్పుదుము. కలరా వలన తల్లిదండ్రులను కోల్పోయిన మేరీ లెనక్స్ అను ఆంగ్లబాలిక, ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతమున నున్న ఆర్చిబాల్డ్ క్రేవెన్ అను బంధువు ఇంటికి చేరును. ఆయన భార్య మరణించిన పిదప ఆమె యుద్యానమునకు తాళము వేయబడినది. ఇంటిలో నొక మూల కాలిన్ అను రోగిష్ఠి బాలుడు దాచబడియున్నాడు. ఉద్యానమునకు తలుపు తెఱచుకొనుట, బాలుడు లేచి నడచుట, తండ్రి తిరిగి వచ్చుట: ఇంతయే కథ.

నవలలోని మొదటి ప్రకరణము నిశ్శబ్దముతో భయపెట్టును. మేరీ మేలుకొనును, ఎవ్వరును రారు, ఆయా రాదు, ఇల్లంతయు నిర్జనము. చాపపై నొక చిన్న పాము ప్రాకి పోవును. అంతే. రంగస్థలమున ఇట్టి నిశ్శబ్దమును పాటతో నిండిన నాటకమునకు ఆరంభముగా నిలుపుట కష్టము. అందుచేత నార్మన్ ఈ ఘట్టమును స్వప్నముగా మార్చి, పిల్లల యాటపాటను బోలిన నృత్యములో ఒక్కొక్కరుగా మనుష్యులు రాలిపోవునట్లు చేసినది. పిదప ఆ మృతులు రంగమును విడువరు. తల్లి, తండ్రి, వారి మిత్రులు, ఆయా, ఒక ఫకీరు, ఆర్చిబాల్డ్ భార్య లిలీ, వీరందఱును నాటకము కడవఱకు బ్రతికియున్నవారి నడుమ తిరుగుచు, పాడుచు, చూచుచు నుందురు. నవలకు నాటకము చేర్చిన మార్పులలో ఇది ముఖ్యమైనది. బాలప్రేక్షకునకు చిక్కు కలిగించునదియు ఇదియే.

మా విశ్వవిద్యాలయపు టావరణలోని కొందఱు బాలురకు ఈ నాటకపు ధ్వనిముద్రణను, కథాసంగ్రహము ముందుగా చెప్పి, ఒకమారు వినిపించితిమి. తొమ్మిదేండ్ల బాలిక యొకతె, “చచ్చిపోయినవాళ్లు ఎందుకండీ పాడుతున్నారు?” అని యడిగినది. మేము చెప్పిన సంగ్రహములో దీనికి సమాధానము లేదు. వారు మరణించిరని చెప్పితిమి, పాడుదురని చెప్పలేదు. ఏమి జరుగునో చెప్పి, ఎట్లు చూడవలెనో చెప్పకపోవుట మా తప్పు.

మన నాటకములకు ప్రస్తావన యను అంగము గలదు. శాకుంతలమును తీసికొనుడు. సూత్రధారుడు వచ్చి కవి పేరును, నాటకము పేరును చెప్పును. గ్రీష్మర్తువును గూర్చి పాడుమని నటి నడుగును. ఆ పాటలో మైమఱచి, తాను ఆడింపవలసిన నాటకమునే మఱచిపోవును. నటి గుర్తుచేయును. కథలో నేమి జరుగునో అక్కడ నొక్క మాటయు లేదు. కాని మఱపు, జ్ఞాపకము అను రెండును ఈ నాటకములో మెలగునని ప్రేక్షకుని మనస్సు తెలియకయే సిద్ధమైనది. కూచిపూడి కలాపములలోని ప్రవేశదరువు మఱియొక మార్గము: సత్యభామ తన్ను తానే పాటలో ఎఱిగించుకొనును. పాత్ర పాడుట ఎందులకని మన పల్లెలలో ఏ పిల్లవాడును అడుగలేదు. బాలురను సంగీతనాటకమునకు సిద్ధపఱచు ఉపాధ్యాయుడు చేయవలసినది ఈ సూత్రధారుని పని. కథను కాదు, కథ నడచు రీతిని ఎఱిగింపవలెను. “ఈ ఇంటిలో చనిపోయినవారు వెళ్లిపోలేదు, బ్రతికినవారు వారిని తలచుకొనినప్పుడెల్ల వారు పాడుదురు” అని రెండు వాక్యములు చెప్పినచో చాలును. ఆ బాలిక ప్రశ్న పుట్టియుండెడిది కాదు. పుట్టినను మంచి ప్రశ్నగా మాఱియుండెడిది.

మఱియొక్కటి ముందుగా చెప్పదగినది ‘విక్’ అను మాట. ఇది యార్క్‌షైర్ మాండలికపదము. ప్రాణముతో నున్నదని యర్థము. నవలలో డికన్ అను పల్లె బాలుడు ఎండినట్లు కనబడు కొమ్మను కత్తితో గీచి, లోపలి పచ్చదనమును మేరీకి చూపును. నాటకములో ఇది యొక యుగళగీతమైనది. మా దృష్టిలో ఈ నాటకమున నవలను మించిన ఘట్టము ఇది యొక్కటే. నవలలో మేరీ ఆ మాటను నేర్చుకొనును. నాటకములో ఆ మాటను పాడుచు పాడుచు తన దానినిగా చేసికొనును. దొరబిడ్డ పల్లెవాని నుడిని నోటబట్టుట మన కన్నులయెదుట, మన చెవులలోనే జరుగును. మాండలికమును తప్పు భాషయని దిద్దు పాఠశాలలనుండి వచ్చు మన పిల్లలకు దీనిని వినిపించుట అవసరము. ఆ పదముయొక్క యర్థమును మాత్రము ముందు చెప్పి, పాటను పాటకే విడిచిపెట్టవలెను.

ఇక నాటకములోని లోపమును దాచిపెట్టుట మా యుద్దేశము కాదు. ఇది పెద్దల దుఃఖమును పిల్లల కథపై కెక్కించినది. నవలలో మేరీ తన పెదతండ్రివంటి ఆ బంధువు నెదుట నిలిచి కొంచెము నేల నిమ్మని అడుగును. ఆ చిన్న యాచనయే ఆ ప్రకరణమునకు ప్రాణము. నాటకములో ఆమె యడిగి వెళ్లిపోవును, పాట ఆర్చిబాల్డ్‌ది. కోరిక బాలికది, ఆశ్చర్యము పెద్దవానిది. సంగీతము ఆశ్చర్యము పక్షమున నిలిచినది. నవలలో క్రేవెన్‌కు దాయాదియైన వైద్యుడు నాటకములో నెవిల్ అను తమ్ముడై, అన్నభార్యను తానును ప్రేమించినవాడైనాడు. లిలీ కన్నులు మేరీ ముఖములో కనబడుచున్నవని అన్నదమ్ములు పాడు యుగళగీతము సంగీతదృష్ట్యా మిక్కిలి యున్నతమైనది. కాని ఎనిమిదేండ్ల పిల్లవాడు అచ్చట కుర్చీలో కదలుట మొదలుపెట్టును. అది వాని తప్పు కాదు. ఇంతకంటె మాకు బాధ కలిగించునది సూసన్ సోవర్బీని తొలగించుట. పండ్రెండుమంది బిడ్డల తల్లియైన ఆ పేదరాలు నవలలో ఉద్యానములోని పిల్లలకు పాలు, రొట్టె పంపును. తండ్రిని ఇంటికి రప్పించు ఉత్తరమును వ్రాయును. నాటకములో ఆ ఉత్తరము మేరీయే వ్రాయును. బాలికకు కర్తృత్వము దక్కినదని సంతోషింపవచ్చును గాని, జీవించియున్న తల్లి యొకతె కథనుండి పోయి, మృతులైన తల్లులు మాత్రము రంగమును నింపినారు.

భారతదేశమును గూర్చి మన యుపాధ్యాయులు మౌనముగా నుండరాదు. నవలలో ఎండ మేరీని పాలిపోయిన రోగిగా చేసినదనియు, ఇంగ్లండులోని చలిగాలి ఆమెను బాగుచేసినదనియు రచయిత్రి నమ్మకము. ఆ యెండలలోనే పుట్టి పెరిగిన మన పిల్లలు ఈ వైద్యమును విని నవ్వినచో నవ్వనీయవలెను. ఇంటిపని చేయు మార్తాతో మాట్లాడుచు మేరీ ఈ దేశపు జనులు మనుష్యులే కారనును. అది నవ్వదగినది కాదు, చర్చింపదగినది. ఆయాకు నవలలోను పేరు లేదు, నాటకములోను పేరు లేదు. అయినను ఒక భేదము కలదు. నవలలో మేరీ, నిద్రపట్టని కాలిన్ చేతిని నిమురుచు తన ఆయా పాడిన హిందుస్తానీ పాటను మెల్లగా పాడును. చనిపోయిన ఆ స్త్రీ మేరీ గొంతులో మాత్రమే బ్రతికియున్నది. నాటకములో ఆయా, ఫకీరు శరీరములతో యార్క్‌షైర్‌కు వచ్చి, కాలిన్‌కు స్వస్థత గోరు పాటలో మంత్రము వలె స్వరము కలుపుదురు. చూచుటకు ఇది గౌరవముగా కనబడును. నిజమునకు వారికి మంత్రము తప్ప వేఱు పలుకు దాదాపు లేదు. అది భారతదేశము కాదు, ఒక ఆంగ్లబాలిక స్వప్నములోని భారతదేశము అని పిల్లలకు ముందే చెప్పినచో, వారు ఆ స్వప్నమును స్వప్నముగా చూడగలరు.

నాటకమునకు ముందు నవలను చదివింపవలెనా యని విద్యార్థులు మమ్ము అడుగుచుందురు. చదివింపవలెను, కాని అంతయు కాదు. మేము రెండవమారు వేఱొక బాలబృందమునకు ఈ నాటకమును పరిచయము చేసినప్పుడు, తరగతిలో రోజునకొక ప్రకరణము చదువుచు, త్రవ్విన మట్టిలో పిట్ట చూపిన తాళపుచెవి మేరీ చేతికి వచ్చిన చోట పుస్తకమును మూసివేసితిమి. తరువాతి దినము ధ్వనిముద్రణను మొదటినుండి వినిపించితిమి. పుస్తకము మూసినందుకు పిల్లలు మాపై కోపగించిరి. ఒకడు సాయంకాలము గ్రంథాలయమునకు పోయి ఆ పుస్తకమును తానే వెదకి తెచ్చుకొన్నాడు.