నలభై రోజుల తిండి

మా కోసపాళయంలో ఆదివారం త్రిశరణ పంచశీలలయ్యాక ఇరవై నిమిషాలు మౌనంగా కూర్చుంటాం. మొన్నొకసారి ఒక యువకుడు లేచి, "మనవాళ్లకి పని లేదు, ఇల్లు లేదు. మనమేమో కళ్లు మూసుకుని కూర్చుంటున్నాం. బాబాసాహెబ్ చెప్పింది ఇదేనా సార్?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. పుదుచ్చేరిలో నిశ్శబ్దానికి కొరత లేదు. అరవిందాశ్రమంలో సమాధి ఉంది, ఆరోవిల్‌లో మాతృమందిరం ఉంది. మా వీధి ఆడవాళ్లకు లేనిది అక్కడికి వెళ్లి కూర్చునే తీరికే.

జవాబు కోసం 'బుద్ధుడు, ఆయన ధమ్మం' మళ్లీ తీశాను. బాబాసాహెబ్ పరినిర్వాణం తర్వాత, 1957లో వచ్చిన గ్రంథం. అందులో బాలసిద్ధార్థుడు తండ్రి పొలానికి వెళ్లి, పని లేనప్పుడు ఒక మూల ధ్యానం చేసుకునేవాడు. ఆ పొలంలోనే, చాలీచాలని బట్టలతో మండుటెండలో దున్నుతున్న కూలీలను చూసి, ఒకడి కష్టం మీద ఇంకొకడు బతకడం న్యాయమా అని స్నేహితులను అడిగాడు. ధ్యానమూ ఈ ప్రశ్నా ఒకే అధ్యాయంలో ఉన్నాయి. మనం ప్రశ్నను ఉపన్యాసాలకు తీసుకున్నాం, ధ్యానాన్ని దాటేశాం.

బోధికి ముందు ఇంకో చిన్న మాట ఉంది. లా చదివినవాణ్ణి, నా కన్ను ఇలాంటివాటి మీదే పడుతుంది. గౌతముడు ధ్యానానికి కూర్చునే ముందు నలభై రోజులకు సరిపడా ఆహారం సమకూర్చుకున్నాడట. ఆకలితో శరీరాన్ని మాడ్చే తపస్సును అప్పటికే వదిలేశాడు. పైగా ఆ ధ్యానంలో తొలిమెట్టు తర్కమూ పరిశీలనా. ఆలోచనను ఆపేయడం కాదు. పని ఒత్తిడికి మాత్రలా ధ్యానాన్ని అమ్మే మొబైల్ యాప్‌లు ఈ రెండు సంగతులూ చెప్పవు. గ్రంథం మీద నాకూ ఒక ఫిర్యాదుంది. పిల్లల మధ్య, అప్పుల మధ్య ఉండే సంసారి రోజూ ఎలా కూర్చోవాలో అది విడమరచి చెప్పలేదు.

ఊరికే కూర్చోవడం తేలికనుకోకండి. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు మనుషుల్ని పావుగంట ఒంటరిగా కూర్చోబెట్టిన ప్రయోగం 2014లో అచ్చయింది. పక్కన కరెంటు షాక్ ఇచ్చే మీట పెట్టారు. పద్దెనిమిది మంది మగవాళ్లలో పన్నెండుగురు, ఇరవై నలుగురు ఆడవాళ్లలో ఆరుగురు తమకు తామే షాక్ ఇచ్చుకున్నారు!

మా దగ్గరికి ఇళ్లలో పాచిపని చేసే ఒకావిడ వస్తుంది. మొదటి నెలంతా కూర్చున్నచోటే నిద్రపోయింది. నేను లేపలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు ఏడ్చింది. ఇప్పుడు కోపం వస్తుంటే ముందే తెలుస్తోందంటుంది, పిల్లాడి మీద చెయ్యి లేవడం లేదట. "ఇరవై నిమిషాలు నన్నెవరూ పిలవరయ్యా" అంది ఒకసారి. రాజ్యాంగం 43వ అధికరణం శ్రామికులకు జీవన వేతనంతో పాటు తీరికను కూడా చెప్పింది. ఆదేశిక సూత్రం కాబట్టి కోర్టుకెళ్లి అడగలేం. ఆవిడ మాత్రం పనిచేసే ఇంట్లో నెలకు రెండు ఆదివారాలు సెలవు అడిగింది. ఒకటి ఇచ్చారు.

రెండు వారాలుగా ముందు పొంగలి పెట్టి, తర్వాత కూర్చుంటున్నాం. ప్రశ్న అడిగిన కుర్రాడే వడ్డిస్తున్నాడు. కళ్లు మాత్రం ఇంకా మూయడు.