గింజ నుంచి తామర

ఎండిన తామర గింజను నిలువునా చీలిస్తే రెండు తెల్లటి బద్దల మధ్య ముదురాకుపచ్చ మొలక ముడుచుకుని కనిపిస్తుంది. నోట్లో వేసుకుంటే చేదు. అంటే మొక్క ముందే సిద్ధంగా ఉంది. దాన్ని ఆపుతున్నది నల్లటి పెంకు ఒక్కటే. నీరు లోపలికి దిగనివ్వదు కాబట్టి గింజ చెరువు బురదలో ఏళ్లకు ఏళ్లు చెడకుండా పడి ఉండగలదు. 1951లో జపాన్‌లోని చిబా దగ్గర తవ్వకాల్లో దొరికిన, సుమారు 2,000 ఏళ్ల నాటివని అంచనా వేసిన గింజల్లో ఒకదాన్ని వృక్షశాస్త్రవేత్త ఇచిరో ఓగా పెంచితే, మరుసటి ఏడు పూసింది.

విత్తనానికి బాగా ముదిరిన గింజే కావాలి. కాయ గోధుమరంగుకు తిరిగి, గింజలు తమ గుంటల్లో వదులై గలగలలాడాలి. పచ్చి గింజ తినడానికి రుచిగా ఉంటుంది గానీ విత్తడానికి పనికిరాదు. కొట్లో పొట్టు తీసి అమ్మే తామర పప్పు మొలవదు. తామర గింజల పేరుతో అమ్మే మఖానా అసలు తామరదే కాదు, వేరే నీటి మొక్కది.

మనిషి చేయి పడాల్సింది పెంకు దగ్గరే. గింజను ఒక కొన దగ్గర ఆకురాయి మీదో గరుకు కాగితం మీదో రుద్దాలి. ముందు నల్లపొడి రాలుతుంది, తర్వాత గోధుమరంగు పొర, ఆ కింద ఆవగింజంత మీగడరంగు చుక్క. చుక్క కనబడగానే ఆపేయాలి. ఇంకా అరగదీస్తే పప్పు దెబ్బతిని నీటిలో కుళ్లిపోతుంది. రుద్దిన గింజలను గాజు పాత్రలో గోరువెచ్చని నీటిలో వేసి, వెలుతురు తగిలే చోట ఉంచి, నీరు రోజూ మార్చాలి. ఒకటి రెండు రోజుల్లో గింజ ఉబ్బుతుంది. తేలుతూనే ఉండేవాటిని, నీటిని మురికి చేసేవాటిని తీసేయడం మేలు. వారం తిరిగేలోపు పెంకు పగిలి పచ్చటి కాడ పైకి వస్తుంది. ముందు ఆకులే వస్తాయి, వేర్లు ఆలస్యంగా దిగుతాయి. అవి కనిపించేదాకా మట్టిలో పెట్టే తొందర వద్దు. తెలుగు నేల మీద ఫిబ్రవరి, మార్చి నెలల్లో మొదలుపెడితే ముందున్న ఎండలన్నీ మొక్కకు కలిసొస్తాయి.

మొలిపించడం తేలిక, నిలబెట్టడమే కష్టం. చాలా మొక్కలు పోయేది అతి సంరక్షణ వల్లే. అడుగున రంధ్రం లేని వెడల్పాటి తొట్టిలో చెరువు ఒండ్రో బంకమట్టో సగం దాకా నింపాలి. కొబ్బరిపీచు పొడి, వర్మీకంపోస్టు కలిపిన కుండీ మట్టి పనికిరాదు. తేలికైనదంతా పైకి తేలి నీరు పాడవుతుంది. మట్టి మీద నీరు మొదట నాలుగు వేళ్ల లోతు చాలు, ఆకులు పెరిగేకొద్దీ పెంచవచ్చు. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. నీటి మీద తేలే ఆకులు పోయి, నిలువుగా లేచే ఆకులు వచ్చేదాకా ఎరువు వేయకూడదు. లేత వేర్లు మాడిపోతాయి. మట్టిలో పాకే తీగ కొనను కదిలించకూడదు. అది పుటుక్కున విరుగుతుంది, విరిగితే పెరుగుదల అక్కడే ఆగుతుంది. దోమల భయానికి మందు చల్లక్కర్లేదు, నాలుగు గప్పీ చేపలు చాలు.

పూత కొన్నింటికి తొలి ఏడే వస్తుంది, చాలావాటికి రెండో ఏడు. పువ్వు రంగు తల్లిదే వస్తుందన్న హామీ లేదు. పువ్వు విచ్చిన తొలిరోజు కీలాగ్రం పుప్పొడిని అందుకుంటుంది. సొంత పుప్పొడి రాలేది ఆ తర్వాతే. అందుకే తరచుగా మరో పువ్వు పుప్పొడి చేరి, పిల్ల మొక్క కొత్త పోలికతో వస్తుంది. తల్లి పువ్వే కావాలంటే దుంప నాటాలి. కానీ ఒక దుంప నుంచి వచ్చినవన్నీ ఒకే మొక్కకు నకళ్లు. గింజల నుంచి వచ్చినవి దేనికదే వేరు, ఒక రోగానికో కరువుకో అన్నీ ఒక్కసారిగా లొంగే ప్రమాదం తక్కువ. నాటు తామర నిలవాలంటే గింజ దారే మంచిది.

నర్సరీల్లో దొరికే సంకర రకాలు తొట్లకే పరిమితం కావాలి. ఊరి చెరువులో తామర తరిగిపోయిందని బాధపడేవారు పొరుగు చెరువు నుంచి ముదిరిన కాయలు ఒకటో రెండో తెచ్చుకుని, మిగతావి నీటికే వదిలి, ఆ గింజలతోనే మొదలుపెట్టాలి.